కాలనీ పార్కు

కాలనీ పార్కు అనగా నగరాలలోనూ, పట్టణాలలోనూ ఒక నివాస ప్రాంతపు ప్రజల విశ్రాంతి కొరకు, పిల్లల ఆటల కొరకు కేటాయించబడిన చిన్న ఉద్యానవనం. దీని విస్తీర్ణం సాధారణంగా కొన్ని వందల గజాల నుండి ఒకటి రెండు ఎకరాల వరకు ఉంటుంది. హైదరాబాదులోని ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు వంటి పెద్ద ఉద్యానవనాలకు నగరం నలుమూలల నుండి జనం వస్తారు. కాలనీ పార్కుకు వచ్చేవారు మాత్రం ఇంటి నుండి నడిచి వచ్చేవారే. దీని నిర్వహణ బాధ్యత చట్టరీత్యా పురపాలక సంఘానిదే అయినా, ఆచరణలో రోజువారీ కాపలా ఇరుగుపొరుగు వారిదే. తెలుగు నగరాలలో మిగిలి ఉన్న కాలనీ పార్కులలో చాలావాటి వెనుక స్థానికుల పట్టుదల కనిపిస్తుంది.

నేపథ్యం

హైదరాబాదు నగరంలో నివాస ప్రాంతాల మధ్య ఖాళీ స్థలాలు వదలవలసిన అవసరాన్ని పాలకులు గుర్తించడానికి 1908 నాటి మూసీ వరద ఒక ముఖ్య కారణం. ఆ వరద అనంతరం 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి ఇరుకు పేటలను తొలగించి, గాలీ వెలుతురూ ఉండే ఇళ్ళను, వెడల్పైన దారులను నిర్మించే పని చేపట్టినది. అంతకు ముందు తోటలు నగరానికి కొత్త కావు. అయితే అవి ఎక్కువగా నవాబులవి, జాగీర్దారులవి. బాగే ఆం అనే పేరు గల పబ్లిక్ గార్డెన్స్ వంటివి అరుదు. ఇంటి పక్కనే ఒక తోట ఉండాలనేది, అది హక్కుగా ఉండాలనేది ఇరవయ్యవ శతాబ్దపు ఆలోచన.

స్థలం ఎలా వస్తుంది

వ్యవసాయ భూమిని ఇళ్ళ స్థలాలుగా మార్చేటప్పుడు యజమాని లేఅవుట్ పటం తయారుచేసి పురపాలక సంఘం నుండి గాని, పట్టణాభివృద్ధి సంస్థ నుండి గాని ఆమోదం పొందవలెను. ఆ పటంలో రోడ్లతో పాటు ప్రజల ఉపయోగార్థం కొంత ఖాళీ స్థలం చూపవలసి ఉంటుంది. నియమాలు కాలాన్ని బట్టి, సంస్థను బట్టి మారుతూ వచ్చినా, చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత మొత్తం విస్తీర్ణంలో సుమారు పదోవంతు. అంటే పదెకరాల లేఅవుట్లో ఒక ఎకరం, అనగా 4,840 చదరపు గజాలు. ఈ స్థలాన్ని, రోడ్లను రిజిస్టరు చేసిన గిఫ్టు డీడు ద్వారా స్థానిక సంస్థకు అప్పగిస్తారు. ప్లాటు కొన్న ప్రతి ఒక్కరూ ఆ ఖాళీ స్థలం ఉంటుందన్న నమ్మకంతోనే కొంటారు. కాబట్టి దాని ధర వారు చెల్లించిన సొమ్ములో కలిసే ఉన్నదని చెప్పవచ్చు.

గిఫ్టు డీడు పూర్తి కాని చోట చిక్కులు ఎక్కువ. పటంలో ఆకుపచ్చ రంగు వేసి ఉన్న స్థలాన్నే కొన్నేళ్ళ తరువాత పాత యజమాని వారసులు తిరిగి ప్లాట్లుగా విభజించి అమ్మిన సందర్భాలు ఉన్నాయి. ఇటువంటి ప్రశ్న ఢిల్లీలో ఎదురైనపుడు, చేత్‌రాం వశిష్ఠ్ కేసులో సుప్రీం కోర్టు 1994లో చెప్పిన తీర్పు తెలుసుకోదగినది. పార్కు స్థలపు యాజమాన్యాన్ని ఉచితంగా తనకు బదిలీ చేయమని నగరపాలక సంస్థ కోరలేదు. కాని ఆ స్థలాన్ని యజమాని ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే ఉంచుకొనగలడు. అమ్ముకొనే స్వేచ్ఛ అతనికి ఉండదు.

అనుమతి లేని లేఅవుట్లలో అసలు ఖాళీ స్థలమే ఉండదు. వీటిని క్రమబద్ధీకరించడానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు 2020లో ప్రకటించిన పథకాలలో, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం రుసుము విధించారు. ఖజానాకు సొమ్ము చేరినది గాని, ఇళ్ళు కట్టిన తరువాత ఆ వీధిలో పార్కు పెట్టడానికి స్థలం ఎక్కడ నుండి వస్తుంది?

బెంగుళూరు కేసు

కాలనీ పార్కుల విషయంలో పౌరులకు అన్నిటికంటె ఎక్కువగా ఉపకరించిన తీర్పు బెంగుళూరు నుండి వచ్చినది. ఆ నగరంలోని రాజమహల్ విలాస్ విస్తరణ ప్రాంతపు పథకంలో ఒక స్థలం పార్కు కొరకు నిర్దేశించబడినది. 1976లో ముఖ్యమంత్రి ఆదేశం మేరకు ఆ స్థలాన్ని నర్సింగ్ హోం కట్టుకొనేందుకు బెంగుళూరు మెడికల్ ట్రస్టుకు కేటాయించారు. స్థానిక నివాసులు హైకోర్టుకు వెళ్ళారు. ఏక న్యాయమూర్తి వారి వాదనను తోసిపుచ్చగా, ధర్మాసనం వారికి అనుకూలంగా తీర్పు చెప్పినది. ట్రస్టు సుప్రీం కోర్టులో అప్పీలు చేసినది. 1991 జులైలో న్యాయమూర్తులు టి.కె. తొమ్మెన్, ఆర్.ఎం. సహాయ్ ఆ అప్పీలును కొట్టివేశారు.

ఈ కేసులో వచ్చిన వాదన ఇప్పటికీ అనేక కాలనీలలో వినిపిస్తూనే ఉంటుంది. ఆసుపత్రి కూడా ప్రజలకు మేలు చేసేదే కదా, పార్కుకు బదులు అది వస్తే నష్టమేమిటి అని. ఆసుపత్రి స్థానంలో నీటి ట్యాంకు, సామాజిక భవనం, గుడి, వార్డు కార్యాలయం అని చేర్చుకొంటే ఏ ఊరికైనా సరిపోతుంది. ప్రజల కొరకు ప్రత్యేకించిన ఖాళీ స్థలం నగరానికి ఊపిరి వంటిదని, ఇంకొక సదుపాయం దానికి ప్రత్యామ్నాయం కాదని, కార్యనిర్వాహక వర్గపు ఇష్టం మీద దానిని మార్చడానికి వీలు లేదని న్యాయస్థానం స్పష్టం చేసినది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆ స్థలంలో తమకు సొంత హక్కు లేకపోయినా, ఆ ప్రాంత నివాసులు కోర్టుకు రావచ్చునని అంగీకరించినది. సంక్షేమ సంఘాలు పార్కు స్థలాల కొరకు న్యాయస్థానాలను ఆశ్రయించినపుడు ఈ తీర్పు ఆధారంగా నిలుస్తుంది.

సంరక్షణ

పార్కును కాపాడడంలో మొదటి మెట్టు కాగితాలు. ఆమోదం పొందిన లేఅవుట్ పటం నకలును 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద ఎవరైనా కోరవచ్చును. తరువాత కొలతలు, హద్దు రాళ్ళు, ప్రహరీ. కంచె లేని స్థలం ముందు చెత్తకుప్ప అవుతుంది, పిదప ఇటుకలు దించే చోటవుతుంది, ఆపైన ఒక గుడిసె లేస్తుంది. ఆక్రమణ ఒక్క రోజులో జరిగేది కాదు కనుక, రోజూ అక్కడ నడిచేవారు ఉండడమే దానికి అడ్డు.

కాలనీ సంక్షేమ సంఘాలలో అనేకం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం క్రింద నమోదైనవి. ప్రహరీ, నడకబాట, దీపాలు, ఆట వస్తువులు సాధారణంగా పురపాలక సంఘం సమకూరుస్తుంది. మాలి జీతం, మోటారు మరమ్మతు, విరిగిన ఉయ్యాల గొలుసు వంటివి ఆలస్యమైనచోట సంఘం చందాల నుండి భరిస్తుంది. వేసవిలో బోరు ఎండిపోవడం అతి పెద్ద సమస్య. అందువలన పచ్చిక బయళ్ళ కంటె వేప, కానుగ, నేరేడు వంటి చెట్లు మేలు. నాటిన రెండు మూడు వేసవులు నీరు పోసి గట్టెక్కిస్తే తరువాత అవి తమంతట తామే బ్రతుకుతాయి. త్వరగా పెరుగుతుందని విరివిగా నాటిన కోనోకార్పస్ మొక్క విషయంలో తరువాత ఆక్షేపణలు వచ్చిన సంగతి తెలిసినదే.

రాలిన ఆకులను తగులబెట్టడం పాత అలవాటు. బహిరంగంగా చెత్త తగులబెట్టడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించి, చిన్న మోతాదుకు 5,000 రూపాయల పరిహారం నిర్ణయించినది. పార్కు మూలలో ఇనుప వల చుట్టి, ఆకులను పొరలు పొరలుగా వేసి, మధ్య మధ్య పేడనీళ్ళు చల్లి, తడి ఆరకుండా చూస్తూ అప్పుడప్పుడు తిరగవేస్తే కొన్ని నెలలలో ఎరువు తయారవుతుంది. ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది వారం వారం గుర్తుంచుకొనే మనిషి.

తెలంగాణ పురపాలక చట్టం, 2019 పట్టణాల బడ్జెట్లో పదిశాతం పచ్చదనానికి కేటాయించవలెనని నిర్దేశించినది. నాటిన మొక్కలు బ్రతికేలా చూసే బాధ్యతను ప్రజా ప్రతినిధుల మీద, అధికారుల మీద ఉంచినది. వార్డు స్థాయిలో యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో కమిటీలను కూడా ఈ చట్టం ఏర్పరచినది. హైదరాబాదు ప్రాంతంలో చెరువులు, నాలాలు, పార్కుల ఆక్రమణలను తొలగించడానికి 2024 జులైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడినది.

వినియోగం

తెల్లవారుజామున నడకకు వచ్చేవారు, యోగాభ్యాసం చేసేవారు, సాయంత్రం పిల్లలు, బల్లలపై కూర్చొనే పెద్దలు: కాలనీ పార్కు దినచర్య దాదాపు అంతటా ఇదే. ఇప్పుడు పార్కులలో తరచుగా కనిపించే నవ్వుల క్లబ్బు కూడా పార్కులోనే పుట్టినది. వైద్యుడు మదన్ కటారియా 1995 మార్చిలో ముంబైలోని ఒక పార్కులో ఐదుగురితో దీనిని ప్రారంభించారు. తెలంగాణలో బతుకమ్మ రోజులలో చాలా కాలనీల ఆడవారు పార్కులోనే చేరి ఆడతారు. కార్తీక మాసంలో ఉసిరి చెట్టు ఉన్న పార్కు వనభోజనాలకు నెలవవుతుంది. ఒకరి ముఖం ఒకరు ఎరుగని అపార్టుమెంటు వాసులకు ఇటువంటి సందర్భాలు పరిచయ వేదికలు. పార్కుకు కావలసిన చందా, చేయి సాయం ఎక్కువగా ఈ పరిచయాల నుండే వస్తాయి.

వివాదాలు

సంరక్షణ చేసేవారే సొంతదారులుగా వ్యవహరించడం ఈ పద్ధతిలోని ప్రధాన లోపం. ముంబైలో ఆటస్థలాలను, ఉద్యానాలను ప్రైవేటు సంస్థలకు దత్తత ఇచ్చే విధానం క్రింద కొన్ని స్థలాలు సభ్యులకే ప్రవేశమున్న క్లబ్బులుగా మారాయన్న విమర్శ తీవ్రంగా వచ్చినది. 2016 జనవరిలో అక్కడి నగరపాలక సంస్థ ఆమోదించిన కొత్త విధానాన్ని ముఖ్యమంత్రి నిలిపివేయవలసి వచ్చినది.

కాలనీ స్థాయిలో ఇది చిన్న చిన్న రూపాలలో కనబడుతుంది. గేటుకు తాళం వేసి తాళంచెవి సంఘం కార్యదర్శి ఇంట్లో ఉంచడం, "కాలనీ వాసులకు మాత్రమే" అని బోర్డు పెట్టడం, పచ్చిక పాడవుతుందని క్రికెట్టును నిషేధించడం మొదలైనవి. దొంగతనాలు, రాత్రివేళ మద్యపానం సంఘాల వారు చెప్పే కారణాలు. అవి నిజమైన ఇబ్బందులే. కాని మధ్యాహ్నం పన్నెండు నుండి నాలుగు వరకు పార్కు మూసి ఉంచితే, నీడ అవసరమైన వేళలో నీడ దొరకనిది ఇళ్ళలో పనిచేసే ఆడవారికి, భవన నిర్మాణ కూలీలకు, సామాను చేరవేసే కుర్రవారికి. గిఫ్టు డీడు ద్వారా స్థలం చేరినది సంఘానికి కాదు, స్థానిక సంస్థకు. కనుక తాళం వేసే అధికారం సంఘానికి ఆ సంస్థ అనుమతించిన మేరకే ఉంటుంది. గేటు వేళలను ఆ సంస్థ నిర్ణయించి, బోర్డు మీద వ్రాయించిన చోట ఇటువంటి తగవులు తక్కువ.