కేలండరులో సున్నాలు

మా వర్ధన్నపేట ఇంట్లో వంటింటి తలుపు వెనకాల ఎప్పుడూ ఒక కేలండరు వేళ్లాడుతూ వుండేది. పాలు ఎన్ని పోశారో, గ్యాసు బండ ఏనాడు మార్చామో, చాకలికి ఎన్ని బట్టలు వేశామో అన్నీ దానిమీదే. వాటి మధ్య నెలకు ఒకటో రెండో చిన్న సున్నాలు కూడా వుండేవి. అవేమిటని అడిగితే అమ్మ "నీకెందుకే, పోయి చదువుకో" అని కసిరేది. నాకు పధ్నాలుగో ఏట ఒకరోజు ఎడమ కణతలో సమ్మెటతో కొట్టినట్టు నొప్పి మొదలై, వెలుతురు చూడలేక, గిన్నె చప్పుడు వినలేక, తాగిన మంచినీళ్లు కూడా కక్కుకొని చీకటి గదిలో పడిపోయాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుని, "నీక్కూడా వచ్చిందా తల్లీ" అంది. మర్నాడే నాకు నెలసరి. ఆ సాయంత్రం కేలండరు మీద ఇంకో సున్నా పడింది. అది నాది.

నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసి, వాయిలాకు మరిగించి ఆవిరి పట్టి, పాత చీర కొంగు చింపి తలకు బిగించి కట్టేది. "ఇది నెల చుట్టం బిడ్డా. నెత్తి నొస్తది, దినాలు దాటంగనే పోతది" అనేది. చదువురాని ఆ ముసలమ్మకు అంత ఖాయంగా తెలిసిన సంగతిని పెద్ద పెద్ద వైద్యులు ఒప్పుకోవడానికి ఎన్ని వందల ఏళ్లు పట్టిందో నాకు ఈమధ్యనే తెలిసింది. తెలుసుకోవలసిన అవసరం కూడా ఈమధ్యనే పడింది లెండి.

ఇప్పుడు నాకు నలభై ఆరు. నెలకొకసారి వచ్చే చుట్టం వారానికోసారి రావడం మొదలుపెట్టింది. నెలసరి తారీఖులు తప్పుతున్నాయి, తలనొప్పి మాత్రం తప్పడం లేదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లి, ప్రాణంపెట్టి వినే ఒగ్గు డోళ్లకు దూరంగా, కొంగు మొహాన కప్పుకొని కారులో కూర్చున్నాను. నవల ఆఖరి అధ్యాయం మూడు నెలలుగా ఆగిపోయింది. చివరికి ఒక నర్సింగ్ హోముకు వెళితే (పేరూ వూరూ ఎందుకులెండి) అయిదు నిమిషాలు విని, "పిల్లలు పెద్దవాళ్లయ్యారుగా, ఇంకా ఆ గర్భసంచి దేనికి? తీసేస్తే పీడా విరగడవుతుంది" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా పెద్దమ్మ కోడలు, "మంచిగ చెప్పిండ్రు వదినె, నేను ముప్పై మూడేండ్లకే తీపిచ్చుకున్న, ఏం గాదు" అని ధైర్యం చెప్పింది. "మరి నీకు తలనొప్పి పోయిందా?" అన్నాను. "అదా... అది వేరే గదా" అంది. ఆ మాట దగ్గర నాకు చుక్కెదురైంది. పది రోజులు గడువు అడిగి ఇంట్లో కూర్చున్నాను. భయం వేస్తే దేవుడికి మొక్కుకొనేవాళ్లుంటారు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కనుక నేను పుస్తకాలు తెరుస్తాను.

మొదట పేర్లు చూడండి. మనం ఒంటిచెంప నొప్పి అంటాం, పార్శ్వపు నొప్పి అంటాం. సంస్కృతంలో అర్ధావభేదకం. 1948 దాకా నైజాము పాలన నడిచిన ప్రాంతం కనుక మావైపు పాతకాలం వాళ్లకు ఉర్దూలోని ఆధాసీసీ కూడా తెలుసు. గ్రీకులు హెమిక్రేనియా అన్నారు, అది ఫ్రెంచివాళ్ల నోట్లో అరిగి మైగ్రేన్ అయింది. అన్నిటికీ అర్థం ఒకటే, సగం తల. నొచ్చేది సగం తల అని లోకమంతా ఒప్పుకొంది. ఎవరి తల, ఏ రోజున అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టినట్టు లేదు.

చరకుడు ఈ నొప్పికి చెప్పిన కారణాల్లో ఎండు తిండి, అతిగా తినడం, తూర్పుగాలి, మంచు, అతి శ్రమ వున్నాయి. సుశ్రుతుడు ఇంకాస్త ముందుకు వెళ్లి, ఇది పది రోజులకో పక్షానికో, లేదా హఠాత్తుగానో వస్తుందన్నాడు. రోజులు లెక్కపెట్టాలని తోచినందుకు ఆయనకు దండం పెట్టాను. ఇంకొక్క పక్షం లెక్కపెట్టి వుంటే మా నాయనమ్మ దాకా వచ్చి వుండేవాడు.

గ్రీకు వైద్యుల్లో కప్పడోసియా దేశపు అరిటేయస్ అనే ఆయన వున్నాడు. క్రీస్తు తర్వాత తొలి శతాబ్దాలవాడు. సగం తలనొప్పిని ఆయన వర్ణించిన తీరు చదివితే మనల్ని పక్కన కూర్చుని చూసి రాశాడా అనిపిస్తుంది. వెలుతురు సహించలేరట, చీకటి కోరుకుంటారట, బతుకు మీదే విసుగు పుడుతుందట. భేషు అనుకొంటూ పేజీ తిప్పితే, అదే పెద్దమనిషి స్త్రీ గర్భాశయం గురించి ఏమన్నాడో తెలుసా? అది జంతువు లోపల వున్న మరో జంతువులాంటిదట! కడుపులో అటూ ఇటూ తిరుగుతుందట, మంచి వాసనలకు దగ్గరికి, చెడు వాసనలకు దూరంగా జరుగుతుందట. గర్భాశయానికి గ్రీకు మాట హిస్టెరా. హిస్టీరియా అనే పేరు దానిలోంచే పుట్టింది. ఆడదానికి ఏ జబ్బు చేసినా ముందు గర్భసంచిని బోనెక్కించే అలవాటు అంత పాతది. నర్సింగ్ హోములో నేను విన్న మాటకు వయసు రెండువేల ఏళ్లకు తక్కువ కాదన్నమాట.

అలాగని ఎవరూ గమనించలేదనీ కాదు. 17వ శతాబ్దంలో వాన్ డెర్ లిండెన్ అనే డచ్చి వైద్యుడు బ్రాండెన్‌బర్గ్ ప్రభువుగారి భార్యకు నెలనెలా నెలసరితోపాటు ఒకవైపు తలనొప్పి, వాంతులు వస్తున్నాయని చూసి, దానికి నెలసరి తలనొప్పి అనే పేరే పెట్టాడు. రాణిగారి తల కాబట్టి లాటిన్‌లోకి ఎక్కింది. చాకలి ఎల్లమ్మ తల ఎక్కడికి ఎక్కుతుంది!

తర్వాత కథ కొంచెం భయంకరం. 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బ్యాటీ అనే సర్జను నెలసరి బాధలకు మందుగా ఆడవాళ్ల అండాశయాలు తీసేయడం మొదలుపెట్టాడు. జబ్బు లేని అండాశయాలనే! ఆ ఆపరేషను ఆయన పేరు మీదే ప్రసిద్ధమై, మూర్ఛలకూ మనోవ్యాధులకూ కూడా అదే కత్తి వాడారు. ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. బతికినవాళ్లకు అకాలంలో వార్ధక్యం వచ్చి పడింది.

మందుల చరిత్ర చిత్రమైనది. మన సజ్జకంకులకు తేనెబంక తెగులు వస్తుందే, దాని చుట్టమే అయిన ఒక బూజు ఐరోపాలో రై అనే ధాన్యానికి పట్టేది. ఆ గింజలతో రొట్టెలు తిని వూళ్లకు వూళ్లు కాళ్లూ చేతులూ కుళ్లి చచ్చిపోయాయి. అదే బూజును మంత్రసానులు కాన్పుల్లో చిటికెడు వాడేవారు. 1918లో స్విట్జర్లాండులో ఆర్థర్ స్టోల్ దాన్నుంచి ఎర్గోటమిన్‌ను విడదీశాడు. 1938లో న్యూయార్క్ డాక్టర్లు గ్రాహం, వుల్ఫ్ అది ఈ తలనొప్పిమీద పనిచేసే తీరును కొలిచి చూపించారు. బాగానే వుంది. కాని ఆ వుల్ఫ్‌గారే ఒక సంవత్సరం ముందు ఈ రోగుల స్వభావం గురించి కూడా రాశారు. పట్టుదల ఎక్కువట, ప్రతిదీ తీరుగా వుండాలని పీక్కుతింటారట. దాంతో "మీరు ఎక్కువగా ఆలోచిస్తారమ్మా" అని డాక్టర్లు మనకు చెప్పే మాటకు ఒక శాస్త్రపు ముద్ర పడిపోయింది. ఇల్లు తీరుగా వుండకపోతే అనేదీ లోకమే, వుంచుకొంటే తలనొప్పి అందుకే అనేదీ లోకమే.

మనవాళ్లేం చేశారంటారా? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం చేశారు. ఆ పచ్చటి సీసా లేని ఇల్లు మా చిన్నప్పుడు లేదు. ఆ డబ్బుతో ఆయన 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు, 1924లో భారతి తెచ్చారు. అంటే తెలుగు సాహిత్యం ఎంతోకొంత మన తలనొప్పుల మీద బతికింది! ఎవరైనా "రాసి రాసి తలనొప్పి తెచ్చుకొన్నావు" అంటే ఈ లెక్క చెబుతాను. అమృతాంజనం మైగ్రేన్‌ను నయం చేయదు. ఆ చల్లదనం, అమ్మ వేలు కణత మీద తిరగడం మాత్రం నాకు పనిచేసేవి.

అసలు ముడి విప్పింది ఆస్ట్రేలియాలో సోమర్‌విల్ అనే డాక్టరు. 1971, 72 సంవత్సరాల్లో నెలసరి తలనొప్పి వచ్చే కొద్దిమంది స్త్రీలతో ఆయన చేసిన ప్రయోగం వినండి. మన ఒంట్లో నెలసరికి ముందు రెండు హార్మోనులు పడిపోతాయి, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్. ఆయన మొదట ప్రొజెస్టెరోన్ ఇచ్చాడు. నెలసరి ఆలస్యమైంది, తలనొప్పి మాత్రం వేళకే వచ్చింది. తర్వాత ఈస్ట్రోజెన్ ఇచ్చాడు. నెలసరి వేళకే వచ్చింది, తలనొప్పి వెనక్కి జరిగింది! చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను నేను. నెత్తురుకూ నొప్పికీ లంకె లేదు. రెండూ ఒకే రోజున వచ్చే ఇద్దరు వేరువేరు చుట్టాలు. నొప్పిని పిలిచేది ఈస్ట్రోజెన్ పడిపోవడం. ఆ ఈస్ట్రోజెన్ తయారయ్యేది అండాశయంలో. పాపం, గర్భసంచికి దీంతో నిమిత్తమే లేదు.

ఒకసారి ఇది తెలిశాక మిగతావన్నీ అర్థమవుతాయి. చిన్నపిల్లల్లో ఆడా మగా తేడా అంతగా లేని ఈ నొప్పి, పెద్దమనిషి అయ్యాక ఆడవాళ్లలో మగవాళ్లకంటే మూడింతలు ఎందుకవుతుందో, గర్భిణిగా వున్నప్పుడు నాలుగోనెల తర్వాత నాకు ఎందుకంత హాయిగా వుండిందో, నలభై అయిదు దాటాక హార్మోనులు ఎక్కుతూ దిగుతూ వుండే ఈ రోజుల్లో ఎందుకు చెలరేగుతోందో, అమ్మకు యాభై మూడో ఏట సున్నాలు ఎందుకు ఆగిపోయాయో.

మరి గర్భసంచి తీసేస్తే? అండాశయాలు వుంచి సంచి ఒక్కటే తీస్తే హార్మోనుల ఎత్తుపల్లాలు అలాగే నడుస్తాయి. తలనొప్పి వుంటుంది, అది ఎప్పుడొస్తుందో చెప్పే తారీఖు పోతుంది. అండాశయాలు కూడా తీస్తే ఈస్ట్రోజెన్ ఒక్కరోజులో కూలిపోతుంది. 1993లో ఇటలీవాళ్లు అచ్చువేసిన ఒక చిన్న పరిశీలనలో, నెలసరి సహజంగా ఆగినవారిలో మూడింట రెండు వంతుల మందికి నొప్పి తగ్గింది. ఆపరేషనుతో ఆగినవారిలో అంతే వంతు మందికి పెరిగింది.

ఈ సంగతి మనకు మరీ ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు. తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. వాళ్లంతా తలనొప్పికి తీయించుకొన్నారని కాదు. రక్తస్రావానికి, కడుపునొప్పికి, కాన్సరు వస్తుందన్న భయానికి తీయించుకొన్నవారే ఎక్కువ. గడ్డలుండి, నిజంగా అవసరమై చేయించుకొనేవారి సంగతి వేరు. అయితే 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ప్రైవేటు ఆసుపత్రుల్లో అవసరంలేని ఆపరేషన్లు జరుగుతున్నాయని పత్రికల్లో గగ్గోలు పుట్టింది. మా బజారులో నలభై నిండని ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే అందులో ఇద్దరు "నాది అయిపోయింది" అనడం నేను విన్నాను. పన్ను పీకించుకొన్నట్టు చెబుతారు.

పది రోజుల తర్వాత నేను ఆ నర్సింగ్ హోముకు వెళ్లలేదు. వరంగల్లు వెళ్లి నరాల డాక్టరమ్మను కలిశాను. ఆమె మొట్టమొదట అడిగింది, "నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుగీతలేమైనా కనిపిస్తాయా?" అని. అప్పుడప్పుడు కనిపిస్తాయన్నాను, కోటగోడ మలుపుల్లాగా. (ఐరోపా డాక్టర్లు కూడా వాటిని కోటగోడలతోనే పోల్చారట. వాళ్ల కోటలకు కోణాలెక్కువ. మన ఓరుగల్లు మట్టికోటలాగా గుండ్రం కాదు.) "అయితే ఈస్ట్రోజెన్ వున్న గర్భనిరోధక మాత్రలు మీకు పనికిరావు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది" అంది. రెండో ప్రశ్న, నెలకు ఎన్ని రోజులు నొప్పి మాత్రలు వేసుకొంటున్నారని. వేళ్లమీద లెక్కపెడితే పద్దెనిమిది రోజులు తేలింది. ఆమె తల పట్టుకొంది. మామూలు నొప్పి మాత్రలు నెలలో పదిహేను రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్ లాంటివి పది రోజులు చేరితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయట! మందు పేరుతో నేనే చుట్టాన్ని రోజూ భోజనానికి పిలుస్తున్నానన్నమాట.

తారీఖులు సరిగా వచ్చేవారైతే నెలసరికి రెండురోజుల ముందునుంచీ అయిదారు రోజులపాటు నాప్రోక్సెన్ వంటిది వాడి ఆపవచ్చునట. నా తారీఖులు నాకే తెలియవు కాబట్టి అది కుదరదు. ప్రొప్రనలాల్ మంచి మందే గాని నాకు వుబ్బసం వుంది, అదీ కుదరదు. 2018లో వచ్చిన కొత్త ఇంజెక్షన్ల ఖరీదు విని నేనే వద్దన్నాను. చివరికి రాత్రిపూట తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్, మరీ తీవ్రంగా వస్తే ఒక ట్రిప్టాన్ మాత్ర, మూడు నెలలు చూసి మళ్లీ మాట్లాడుకోవడం అని తేల్చుకొన్నాం. మందు నాకు కుదిరింది గదా అని మీరు వేసుకోకండి. నా వుబ్బసం మీకుండదు, మీ బి.పి. నాకుండదు. బయలుదేరుతూంటే ఆమె, "కేలండరు మాత్రం రాయండి, నాకు అదే ముఖ్యం" అంది. మా అమ్మకు ఫోను చేసి చెబితే అయిదు నిమిషాలు నవ్వింది.

ఇప్పటికి నాలుగు నెలలైంది. పొద్దున నోరు ఎండుకుపోతుంది, నిద్రమత్తు వుంటుంది, కాని నొప్పి రోజులు పద్దెనిమిది నుంచి ఏడుకు దిగాయి. నవల ఆఖరి అధ్యాయం సగమైంది.

మా పెద్దమ్మ కోడలికి కూడా ఒక కేలండరు ఇచ్చి, తల నొచ్చిన రోజున సున్నా చుట్టమన్నాను. "నాకు దినాలే లేవాయె వదినె, ఏం సున్న చుట్టాలె?" అంది. అయినా చుట్టింది. మొన్న తీసుకొచ్చి నా ముందు పరిచింది. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. మొదటి సున్నాకూ రెండోదానికీ ఇరవై ఏడు రోజులు. తర్వాతిదానికి ఇరవై తొమ్మిది. ఆ తర్వాత మళ్లీ ఇరవై ఏడు. ఆమె చాలాసేపు దానివంకే చూస్తూ కూర్చుని, "అయితే గిదంత మరి ఎందుకు తీపిచ్చుకున్నట్టు?" అంది.