చెరువులు, శాసనములు, చిలకలగుట్ట

జనగామ విడిచి తూర్పుదారి పట్టినంతనే చెట్లు పలుచబడినవి. ఎఱ్ఱని చెలక నేలలు, నడుమ బోడిగుట్టలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లు. దీనిని ఎడారి యనరాదు; కాని వైశాఖమాసములో ఈ దారిని పోవువానికి ఆ మాట నోటికి రాక మానదు. నేడు గోదావరి నీరు దేవాదుల గొట్టములలో ఎక్కి వచ్చుచున్నను, ఈ సీమ పూర్వకథ అంతయు వాననీటిదే. వాన కురిసినప్పుడు కట్టవేసి నిలుపుకొనినవాడు బ్రదికినాడు.

సోమనాథుని పాలకుర్తి, పోతన బమ్మెర ఈ ప్రక్కనే ఉన్నవి. ఆ మహాకవులను గూర్చి శ్రోతలు పలుమారులు విని యున్నారు. మేము ముందుగా ఆగినది కడవెండిలో. 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైన ఊరది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దొర మనుషులు ఎత్తుకొనిపోకుండ నిలువరించినదియు ఆ దినములలోనే. మెట్టనేలలో పండునది కొంచెము. ఆ కొంచెము ఎవరికి చెందవలెను? ఈ ప్రశ్న ప్రయాణమంతటను మమ్ము విడువలేదు.

మహబూబాబాదును పాతకాలపువారు నేటికిని మానుకోట యనియే పిలుతురు. దాని చెంతనే కురవి. వీరభద్రస్వామి క్షేత్రముగా అందరెరిగిన ఈ ఊరు ఒకప్పుడు ముదిగొండ చాళుక్యుల ఏలుబడిలోనిది. ఇచటి శాసనము తెనుగు గద్యమున వెలసిన ప్రాచీన శాసనములలో నొకటి. అక్కడనుండి బయ్యారము చేరినాము. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలమ ఇచట చెరువు త్రవ్వించి, ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి, శాసనము వేయించినది. చెరువును సముద్రమనుట నీటికి మొగమువాచిన దేశమునకే చెల్లును! కాకతీయుల పూర్వులను వెన్నభూపుడు మొదలుకొని వరుసగా పేర్కొనుటచేత చరిత్రకారులకు ఈ శాసనము పెన్నిధియైనది. చెరువు సప్తసంతానములలో నొకటి. త్రవ్వించినవారికి కీర్తియు పుణ్యమును దక్కును. మట్టి తట్టలు మోసినవారి పేర్లు మాత్రము ఆ రాతిపై లేవు.

గూడూరు, కొత్తగూడ దాటిన పిమ్మట దృశ్యము మారినది. చెలకలు వెనుకబడి, అడవి దారికి ఇరువైపుల మూసికొన్నది. ఇవి కోయగూడెములు. కోయ యనునది బయటివారు వాడు పేరు. తమను తాము కోయితూర్ అని చెప్పుకొందురు. ఉత్తరాఫ్రికాలో అట్లాస్ కొండల ఆవల ఎడారి అంచున నివసించువారిని లోకము బెర్బెరులనగా, వారు తమను అమాజిగ్ అని చెప్పుకొనుట మాకు జ్ఞప్తికి వచ్చినది. ఏడవ శతాబ్ది చివర అరబ్బు సేనలను ఎదిరించిన కాహినా యను రాణి వారిలోనిదే. ఆమె కథ, కడకు ఆ పేరుకూడ, మనకు దక్కినది అరబ్బు చరిత్రకారుల వ్రాతలవలననే. ప్రత్యర్థి పక్షమువారైనను వారు వ్రాసి పెట్టినారు. మన సమ్మక్కకు ఆ భాగ్యమైనను లేదు. ఏ కాకతీయ శాసనమును ఆమెను పేర్కొనలేదు.

గంగారము మండలములోని పూనుగొండ్లకు సమ్మక్క భర్త పగిడిద్దరాజు నెలవని ప్రతీతి. జాతర వచ్చినప్పుడు పెనక వంశపు వడ్డెలు ఆయనను ఇక్కడినుండి కాలినడకన మేడారము చేర్చుదురు. మేడారము 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాకు మారినది. చిలకలగుట్టనుండి సమ్మక్కను కుంకుమ భరిణె రూపమున తెత్తురు, విగ్రహము లేదు. వరుసగా వానలు లేక పంటలెండగా, కప్పము చెల్లింపజాలమన్నందుకు ప్రతాపరుద్రుని సేనలు అడవిపైకి వచ్చినవనియు, ఆ పోరులో ఈ కుటుంబమంతయు రాలిపోయినదనియు కథ.

చరిత్ర విద్యార్థికి ఇచట చిక్కు కలదు. కథలో సమ్మక్కకు తండ్రియైన మేడరాజు పొలవాసను ఏలినవాడందురు. పొలవాస మేడరాజును కాకతి రుద్రదేవుడు జయించినట్లు 1163 నాటి హనుమకొండ శాసనమువలన తెలియుచున్నది. ప్రతాపరుద్రుడు సింహాసనమెక్కినది 1289లో. నడుమ నూట యిరువది యారు సంవత్సరములు! రెండు యుద్ధములు జనుల జ్ఞాపకములో ఒకటిగా కలిసినవేమో. దీనినిబట్టి కథ కల్పితమని త్రోసిపుచ్చువారితో మేము ఏకీభవింపము. గూడెములో ఒక వృద్ధుని యెదుట ఈ సందేహము పెట్టితిమి. ఆయన కొంతసేపు విని, “ఏండ్ల లెక్క మాకు తెల్వదు సారూ. వానల్లేకుండె, పన్ను కట్టుమన్నరు. కట్టమన్నం. గంతే,” అన్నాడు. కప్పమీయని ఆ తల్లికి నేడు రెండేండ్లకొకసారి, మాఘపున్నమ వేళ, జనులు తమ యెత్తు బెల్లము తూచి, దానిని బంగారమని పిలిచి, అడుగువారెవరును లేకయే సమర్పించుచున్నారు.

కడకు భూపాలపల్లి చేరినాము. సింగరేణివారి బొగ్గుగనులకు కాకతీయ గనులని పేరు. చెల్పూరు విద్యుత్కేంద్రమునకును కాకతీయుల పేరే. దగ్గరనే గణపురము చెరువు, దాని చెంత శిథిలమైన కోటగుళ్ళు. ఎనిమిది వందల యేండ్లకు పిదప కూడ కట్ట క్రింద వరి పచ్చగా నున్నది; కాకతీయుల ఘనతను కాదనుటకు వీలులేదు. ములుగులో గిరిజన విశ్వవిద్యాలయమును నెలకొల్పుచు 2023లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. సమ్మక్క పేరు, ఆమె కూతురు సారక్క పేరు అందులో వ్రాయబడినవి.