నవ్వుతూ చావాలన్నారు

తొమ్మిదో తరగతిలో ఉండగా నేను బొబ్బిలి యుద్ధంలో చచ్చిపోయాను. స్కూలు వార్షికోత్సవం అది. మా ఊళ్ళో ఆడపిల్లలు స్టేజీ ఎక్కే రోజులు కావు. నాకింకా గొంతు మారలేదని మా మేనత్త కోక చుట్టి, కోటలోని ఆడవాళ్ళలో ఒకరిని చేశారు. డైలాగు లేదు. వెనకాల ఎర్ర కాగితం అంటించిన బల్బు వెలుగుతుంది, ఒక వీరుడొచ్చి అట్టకత్తితో పొడుస్తాడు, నేను పడిపోవాలి. అంతే వేషం. రిహార్సల్లో కత్తి మీదికొచ్చేసరికి నా కాళ్ళు వాటంతటవే వెనక్కి జరిగాయి. నాటకం వేయిస్తున్న మేస్టారు ఆపేశారు.

"ఒరే గుంటడా, ఎనక్కెళ్తావేటి? ముందుకి రావాల. నవ్వుతూ చావాల!"

నవ్వుతూనే చచ్చాను. చప్పట్లు బాగా పడ్డాయి. ముందు వరసలో కూర్చున్న ఊరిపెద్ద కళ్ళు తుడుచుకున్నాడని మర్నాడు చెప్పుకున్నారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకి సోషల్ చెప్పాను. పాఠంలో బొబ్బిలి వచ్చినప్పుడల్లా ఆ నవ్వు గొంతుకి అడ్డం పడేది.

కథ మనకందరికీ తెలిసిందే, లేదా తెలిసిందని అనుకుంటాం. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు, వాళ్ళ సైన్యం జీతాలకని. ఫ్రెంచి సేనాని బుస్సీ దొరకి శిస్తు వసూలు చేసిపెట్టే స్థానికుడు కావలసి వచ్చాడు. విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు ముందుకొచ్చి శ్రీకాకుళం, రాజమహేంద్రవరం ప్రాంతాలు గుత్తకి తీసుకున్నాడు. పక్కనున్న బొబ్బిలి రంగారావుకి ఇది మింగుడుపడలేదు. ఇద్దరి మధ్యా పాత పగలున్నాయి. అందులో ఒకటి, సినిమాల్లోకి ఎక్కనిది, నీళ్ళు. పైనున్న బొబ్బిలివాళ్ళు గెడ్డలకి అడ్డుకట్టలు వేసి నీళ్ళు మళ్ళించుకుంటున్నారని కిందివాళ్ళ ఫిర్యాదు. మా వైపు ఇప్పటికీ వేసవిలో చెరువు మదుము దగ్గర గొడ్డళ్ళు లేస్తాయి, కాబట్టి ఈ కారణం నాకు చప్పున అర్థమైంది. వంశ ప్రతిష్ఠ కంటే ముందు వరిచేను ఎండిపోతుంది.

1757 జనవరి 24 తెల్లవారుజామున కోట మీద ఫిరంగులు పేలాయి. రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు లెక్క రాశాడు. 750 మంది యూరోపియన్లు, నాలుగు ఫిరంగులు, విజయరామరాజు తరఫున 11,000 మంది సిపాయిలూ బంట్లూ. కోటా? మట్టిగోడల చిన్న కోట, చుట్టూ దట్టమైన అడవి. లోపలున్నవాళ్ళు గోడలు కూలుతున్నా గంటల తరబడి నిలబడ్డారు. ఆ తెగువలో నాకే అనుమానమూ లేదు. ఇది రాస్తుంటే కూడా వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి. చిన్నప్పుడు విన్న బుర్రకథ ఒంట్లోంచి పోదు.

ఇక నిలవడం కాదని తేలాక జరిగిందే నా గొడవ. ఓర్మ్ చెప్పిన ప్రకారం రంగారావు ముఖ్యులని పోగుచేసి, ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని నిర్ణయించాడు. కోట నడిమధ్యనున్న ఇళ్ళకి నిప్పు పెట్టించాడు. మంటల్లోంచి బయటికి పరుగెత్తినవాళ్ళని సొంత మనుషులే బల్లేలతో, బాకులతో పొడిచారు. కొందరు తల్లులు తామే కత్తికి ఎదురువెళ్ళారని కూడా ఓర్మ్ అంటాడు. వెళ్ళి ఉండొచ్చు. కానీ ఎదురువెళ్ళినవాళ్ళు ఉన్నారంటే వెళ్ళనివాళ్ళు కూడా ఉన్నారనేగా. వాళ్ళకోసమేగా బయట బల్లేలు పట్టుకుని మనుషులు నిలబడ్డది. ఇక నాలుగేళ్ళ పిల్ల ఎటు వెళ్తుంది?

నేను విన్న పాటల్లో ఈ మంటని దాచినవాళ్ళు లేరు. అది నిజాయితీయే. దాచిందల్లా క్రియకి కర్త. "పొడిచారు" అనాల్సిన చోట "ప్రాణాలు అర్పించారు" వచ్చి కూర్చుంది. తెలుగు మేస్టార్లని అడగండి, ఒక వాక్యంలో కర్త మారితే ఎంత మారుతుందో చెబుతారు. చంపబడ్డవాళ్ళు ఆత్మార్పణ చేసినవాళ్ళయ్యారు, చంపినవాళ్ళు కథలోంచే తప్పుకున్నారు. నాచేత నవ్వించింది కూడా ఆ వాక్యమే.

అలాగని ఓర్మ్‌ని నెత్తిన పెట్టుకుని ఊరేగే పనీ లేదు. ఆయన ఈస్టిండియా కంపెనీ మనిషి, ఆ రోజుల్లో మద్రాసు కౌన్సిల్లో ఉన్నాడు, బొబ్బిలి పొగ కూడా ఆయన కంటపడలేదు. ఈ యుద్ధం ఉన్న సంపుటం వచ్చింది 1778లో. అంతకు ముందు 1773లో ఫ్రాన్సు వెళ్ళి బుస్సీని కలిసి బోలెడు సంగతులు రాసుకున్నాడు. అంటే మనం చదివేది చాలావరకు బుస్సీ వైపు మాట. కోటలో ఆడవాళ్ళు చచ్చింది మా చేతుల్లో కాదు, వాళ్ళవాళ్ళ చేతుల్లోనే అని చెప్పుకోవడం బుస్సీకి అవసరం. ఫిరంగులు తెచ్చి గోడ కూల్చింది ఆయనేనన్న సంగతి పక్కకి పోతుంది. కాబట్టి మొదటిసారి చదివినప్పుడు నేనూ పెదవి విరిచాను. కానీ ఒకరికొకరు పడని రెండు పక్షాలు, బుస్సీ మనుషులూ బొబ్బిలి పాటగాళ్ళూ, మంట పెట్టింది లోపలివాళ్ళే అన్నచోట ఒక్కటయ్యారు. శత్రువులిద్దరూ ఒప్పుకున్న సాక్ష్యాన్ని ఏ కోర్టూ తోసెయ్యదు.

మా అమ్మ పుట్టిల్లు విజయనగరం. దసరా వెళ్ళిన తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. తాత భుజాల మీద కూర్చుని చూసేవాణ్ణి. యాభై అరవై అడుగుల చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగడం, కింద జనం అరటిపళ్ళు విసరడం. అక్కడ కథ వేరు. పైడిమాంబ విజయరామరాజు చెల్లెలు. అమ్మవారు పోసి మంచంలో ఉంది. అన్నా, యుద్ధం మంచిది కాదు, వెళ్ళకు అంది. అన్న వినలేదు. అతని చావు కబురు విని ఆమె అమ్మవారిలో కలిసిపోయింది, పెద్దచెరువులో విగ్రహమై దొరికింది. ఆ కథ వింటూ నేను రాజుగారి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత మా ఊరి స్టేజీ మీద ఆ రాజుగారి మూలాన్నే పొడిపించుకుని చచ్చాను. పిల్లాడికి ఇదేం ఇబ్బంది అనిపించలేదు. పెద్దయ్యాకే వచ్చింది చిక్కంతా.

1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' సినిమాని మా ఊరికి దగ్గరలో మళ్ళీ ఆడించినప్పుడు అమ్మ కూడా వచ్చింది. రామారావు రంగారాయుడు, ఎస్.వి. రంగారావు తాండ్ర పాపారాయుడు. హాలంతా ఈలలు. రాజనాల విజయరామరాజుగా తెరమీదికి రాగానే అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "మా రాజుగారు అలగ నవ్వరు" అంది. ఓర్మ్ రాసినదాన్ని బట్టి ఆయన ఎవరైనా పట్టుకోనిదే కుర్చీలోంచి లేవలేనంత భారీ మనిషి. రాజనాల అంత చురుగ్గా మెట్లు దిగడం చూస్తే ఆయనే ఆశ్చర్యపోయేవాడేమో.

(బొబ్బిలి ఇవాళ విజయనగరం జిల్లాలో ఉంది. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు.)

బొబ్బిలి వీరుడు పాపారాయుడి సంగతికి వస్తే, మన కథలో ఆయన యుద్ధంనాడు రాజాంలో ఉన్నాడు. కబురు ఆలస్యంగా అంది, వచ్చేసరికి అంతా బూడిద. మూడో రాత్రి విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకున్నాడు. ఓర్మ్ పుస్తకంలో ఆ డేరాలోకి పాక్కుంటూ వెళ్ళింది పేరు లేని ఇద్దరు సిపాయిలు. ఒట్టు పెట్టుకున్నది నలుగురు. కోటగోడ దిగి, తెలుగు మాట్లాడుతూ, ఎవరికీ అనుమానం రాకుండా శత్రుశిబిరం దాటి అడవిలో దాక్కున్నారు. ఇద్దరు వెళ్ళారు. వీళ్ళ చేత కాకపోతే మిగతా ఇద్దరు వెళ్ళాలని ఏర్పాటు. రాజు ఒంటిమీద 32 పోట్లు. ఇద్దరినీ అక్కడికక్కడే కాల్చేశారు. పాపారాయుడు లేడని నేననను. యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాలకే దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' రాశాడు. మన ప్రాంతం జ్ఞాపకం ఓర్మ్ చెవి కంటే దగ్గరిది. కానీ పాపారాయుడికి విగ్రహాలున్నాయి, 1986లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది, పులి అన్న బిరుదు నాలుకమీద నిలిచింది. ఆ చీకట్లో పొదల్లో కూర్చుని, తమ వంతు వస్తుందో రాదో అని ఎదురుచూసిన మిగతా ఇద్దరు ఏమయ్యారన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. వాళ్ళ వంతు రాలేదు. అంతకు మించి ఎవరూ రాయలేదు.

ఆ తర్వాతి కథ ఏ బుర్రకథా చెప్పదు. విజయరామరాజు గద్దెకి వచ్చిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళతో తెగతెంపులు చేసుకుని ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. క్లైవ్ బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ళ పని అయిపోయింది, సర్కారులు కంపెనీ చేతికి జారాయి. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఆ కంపెనీ సైన్యమే విజయనగరం చిన విజయరామరాజుని చంపింది. గెడ్డ నీళ్ళ తగువు ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూడండి. బొబ్బిలిని తలుచుకుని రొమ్ము విరిచే సభలకి చాలాసార్లు పిలిచారు నన్ను. పద్మనాభం దాకా చెబుతానంటే, టైము లేదు మేస్టారూ అనేవారు.

ఇంతకీ నన్ను ఈ కథకి కట్టిపడేసింది వీళ్ళెవరూ కాదు. ఓర్మ్ పుస్తకంలో ఒక ముసలివాడున్నాడు. కోట పడిపోయింది, గెలిచినవాళ్ళే శవాల మధ్య మాటలేక నిలబడ్డారు. అప్పుడు ఒక మూలనుంచి ఆ ముసలివాడు చిన్న కుర్రాణ్ణి చేయిపట్టుకుని నడిపించుకొచ్చాడు. ఫ్రెంచి అధికారి లా ముందు నిలబెట్టి, ఈ బిడ్డ రంగారావు కొడుకు, తండ్రి వద్దన్నా నేను బతికించాను అన్నాడు. ఆ మంటలో, ఆ బల్లేల మధ్య, రాజాజ్ఞని కాదన్నవాడు ఒక్కడు. అతను కూడా ఆజ్ఞ పాటించి ఉంటే చిన్న రంగారావు లేడు, బొబ్బిలి సంస్థానం అక్కడితో సరి. 1891లో యుద్ధస్థలంలో స్మారక స్తంభం నిలబెట్టడానికి గద్దెమీద ఎవరూ ఉండేవారు కారు. 1932 నుంచి 1937 వరకూ, మధ్యలో కొన్ని నెలలు తప్ప, మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన బొబ్బిలి రాజా అన్న మాటే పుట్టేది కాదు.

నేను పనిచేసిన ఒక హైస్కూల్లో వార్షికోత్సవానికి బొబ్బిలి నాటిక రాయమన్నారు. సంతోషంగా రాశాను. చివరి రంగం ముసలివాడిది. రిహార్సలు చూడ్డానికి కమిటీ పెద్ద ఒకాయన వచ్చాడు. మంచివాడే, స్టేజీ ఖర్చంతా ఆయనదే. అంతా చూసి, "ముసలోడు రాజుగారి మాట కాదన్నాడని గుంటలకి చెప్పడమేటి మేస్టారూ? కొంచెం సద్దండి" అన్నాడు. ఎలా సర్దాలో కూడా ఆయనే చెప్పాడు. రంగారావే బిడ్డని ముసలివాడి చేతుల్లో పెట్టి, తాతా, వంశాన్ని కాపాడు అంటే సరి. ఒక్క వాక్యం! అవిధేయత కాస్తా విధేయత అయిపోయింది, బిడ్డని బతికించిన పుణ్యం కూడా రాజు ఖాతాలోకే చేరింది. గొప్పలు ఎలా తయారవుతాయో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినా తెలియనిది ఆ ఐదు నిమిషాల్లో కళ్ళముందు చూశాను. పెద్ద అబద్ధాలేం అక్కర్లేదు. ఎక్కడ ఏ మాట గుచ్చుకుంటుందో అక్కడ కాస్త నునుపు చేస్తే చాలు.

నేను పోట్లాడానని రాస్తే బాగుండును. పోట్లాడలేదు. హెడ్మాస్టరు మొహం చూసి వాక్యం మార్చాను. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణం. పాంఫ్లెట్లో పాత్రల పట్టిక వేశారు. రంగారావు, రాణి మల్లమ్మ, పాపారాయుడు, బుస్సీ, అందరికీ ఎదురుగా వేషం కట్టిన పిల్లల పేర్లు. అన్నిటికంటే కింద "ముసలివాడు, స్త్రీలు, పిల్లలు" అని ఒకే గీత, ఎదురుగా "తదితరులు".

మార్చకుండా నిలుపుకున్నది ఒకటుంది. అది స్క్రిప్టులో లేదు కాబట్టి ఎవరూ కొట్టెయ్యలేకపోయారు. కోటలో ఆడమనిషి వేషం ఈసారి ఎనిమిదో తరగతి ఆడపిల్లకే వచ్చింది. ముందు ఏడాది ఇంకెక్కడో ఈ నాటకం చూసిందట. కోక సర్దుకుంటూ వచ్చి, "పొడిచినప్పుడు నవ్వాలా మేస్టారూ?" అంది. నీకేమనిపిస్తే అది చెయ్యమన్నాను.

ఆ రాత్రి ఎర్ర లైటు వెలిగింది. కత్తి పట్టుకున్న కుర్రాడు వచ్చాడు. ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసి పందిరి గుంజ వెనక్కి పోయింది. వాడికి ఏం చెయ్యాలో తోచలేదు. కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడి, తెర చాటునున్న నావైపు చూశాడు.