కారు కోసం తీసిన సీసం

పెట్రోలు కారు అడుగున, ఇంజనుకీ పొగగొట్టం చివరకీ మధ్య ఒక ఉక్కు డబ్బా ఉంటుంది. దాని పేరు కేటలిటిక్ కన్వర్టర్. అందులో పనిచేసేది ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్యని వేగిరపరిచే పదార్థం. మన పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదన్నమాట. గాలిని బాగుచెయ్యడానికి పుట్టిన ఈ డబ్బా, తనకు అప్పగించని మరో పెద్ద పని కూడా చేసిపెట్టింది. ఆ కథ మనలో చాలామందికి తెలియదు.

1943 వేసవిలో లాస్ ఏంజలస్ నగరాన్ని కళ్ళు మండించే పొగ కమ్మేసింది. జనం ఒక కృత్రిమ రబ్బరు కర్మాగారాన్ని తప్పుపట్టారు. దాన్ని మూయించినా పొగ పోలేదు. అసలు దోషిని పట్టుకున్నది హాగెన్ స్మిట్ అనే డచ్చి దేశపు రసాయన శాస్త్రవేత్త. కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తూన్న ఆయన ఈ పొగ మీదికి దృష్టి మళ్ళించి, 1950 దశకం మొదట్లో సంగతి తేల్చాడు. కార్లు వదిలే ఉదకర్బనాలూ, నత్రజని ఆక్సైడులూ ఎండలో కలిసి ఓజోన్‌ని పుట్టిస్తున్నాయి.

దీనికి మందు కనిపెట్టినవాడు ఫ్రాన్సు నుంచి వచ్చిన యూజీన్ హూడ్రీ. ముడి చమురుని ఉత్ప్రేరకంతో విడగొట్టి మేలురకం పెట్రోలు తీసే పద్ధతి ఆయనదే. పొగలో కాలకుండా మిగిలినదాన్ని ఉత్ప్రేరకం మీద కాల్చేసే పాత్రకి 1956లో ఆయనకు పేటెంటు వచ్చింది. కాని కార్లలో అది నిలవలేదు. కారణం సీసం.

ఇంజను కొట్టుకోకుండా పెట్రోలులో సీసం కలపవచ్చని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టాడు. 1924లో ఆ సీసపు మందు తయారుచేస్తూ న్యూజెర్సీలో అయిదుగురు కార్మికులు చనిపోయారు. 1925లో ప్రభుత్వం జరిపిన సమావేశంలో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు, ఇది ప్రజలందరికీ ప్రమాదమని హెచ్చరించింది. అయినా అమ్మకం సాగింది. ఆ సీసమే ప్లాటినం మీద పూతలా పేరుకుని దాన్ని చంపేసేది. హూడ్రీ 1962లో కన్నుమూశాడు. అప్పటికి ఏ కారుకీ ఆ డబ్బా తప్పనిసరి కాలేదు.

1970 డిసెంబరు 31న సంతకమైన శుభ్రవాయు చట్టం, కొత్త కార్ల కాలుష్యం 90 శాతం తగ్గాలంది. కన్వర్టరు తప్ప దారి లేకపోయింది. కన్వర్టరు బతకాలంటే సీసం పోవాలి. అందుకని 1974 జూలై నుంచి పెద్ద పెట్రోలు బంకులన్నీ సీసంలేని పెట్రోలు అమ్మాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1975 మోడలు కార్లలో చాలావాటికి ఈ డబ్బా వచ్చింది. పాత పంపు గొట్టం పట్టకుండా వాటి టాంకు మూతిని సన్నం చేశారు. సీసం పెట్రోలు నాలుగు సెంట్లు చవకని ఆ మూతిని పగలగొట్టుకున్నవాళ్ళూ లేకపోలేదు.

మొదటి కన్వర్టర్లు కార్బన్ మోనాక్సైడునీ, ఉదకర్బనాలనీ మాత్రమే కాల్చేవి. నత్రజని ఆక్సైడుల పని వేరు. వాటినుంచి ఆమ్లజనిని ఊడబెరకాలి. ఒకే డబ్బాలో ఒకదానికి ఆమ్లజనిని ఇవ్వడం, మరొకదాని నుంచి లాక్కోవడం ఎలా? తూకంలో ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి ఉంటే రెండూ జరుగుతాయి. కొంచెం అటూ ఇటూ అయినా చెడుతుంది.

ఆ తూకం చూసేదే ఆక్సిజన్ సెన్సర్. అది చూపుడువేలికి తొడిగే అంగుస్తానులాంటి జిర్కోనియా పింగాణీ గుల్ల. ఇరువైపులా ప్లాటినం పూత, లోపల బయటి గాలి, వెలుపల పొగ. వేడెక్కాక రెండువైపులా ఉన్న ఆమ్లజనిలో తేడాని బట్టి విద్యుత్తు పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టు, గాలి ఎక్కువైతే 0.1. దాన్ని చూసి కంప్యూటరు పెట్రోలుని సరిదిద్దుతుంది. సూత్రం 1889 నాటి నెర్న్‌స్ట్‌ది. బాష్ కంపెనీ చేసిన సెన్సరు 1976లో వోల్వో కార్లలోకి వచ్చింది. సీసం దీనికీ విషమే.

ఇలా కార్లకోసం సీసం తగ్గుతూ వచ్చింది. ఆరోగ్యం పేరిట పెట్టిన వేరే నిబంధన కోర్టులో నలిగి 1976లో గాని నెగ్గలేదు. ఈలోగా రొట్టె విరిగి నేతిలో పడింది. 1976–80లో అమెరికా ప్రజల నెత్తురులో డెసిలీటరుకి సగటున 12.8 మైక్రోగ్రాముల సీసం ఉండేది. 1988–91 నాటికి 2.8కి దిగింది. డబ్బా ఆహారాల అతుకుల్లో సీసం మానడమూ తోడ్పడింది కాని, పెద్ద భాగం పెట్రోలుదే. పసిపిల్లల తెలివిని హరించే విషం అది.

మన దేశంలోనూ ఇదే వరస. 1995 ఏప్రిల్లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయింది. దానితోబాటే అక్కడ సీసంలేని పెట్రోలు వచ్చింది. హైదరాబాదు ఆ జాబితాలో లేదు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా అదే పెట్రోలు. అందరికన్నా చివర 2021లో అల్జీరియా మానింది.

డాక్టరమ్మ 1925లో పిల్లా పెద్దా అందరి తరఫునా చెప్పింది. యాభై ఏళ్ళు ఎవరూ వినలేదు. కారులోని ప్లాటినం పాడవుతుందన్నాక విన్నారు. ఫలితానికి సంతోషించవలసిందే. ఆ యాభై ఏళ్ళలో పెరిగిన పిల్లలు ఎంత పోగొట్టుకున్నారో కూడా ఒకసారి తలుచుకోవాలి.