గుండె వాకిలి వంశావళి

శ్రోతలారా, రాజవంశావళులు మీకు క్రొత్త కావు. నేడు మన గుండెలోని యొక వాకిలి వంశావళిని విన్నవించెదను.

1957లో నార్వే దేశమందు జెర్వెల్, లాంగే-నీల్సన్ అను వైద్యులిరువురు ఒక కుటుంబమును గూర్చి వ్రాసిరి. ఆ యింట బిడ్డలారుగురు. నలువురు పుట్టుచెవిటివారు, మాటిమాటికి మూర్ఛిల్లుచుండిరి. వారిలో ముగ్గురు అకస్మాత్తుగా మరణించిరి. చెవికిని గుండెకును సంబంధమేమి?

ప్రతి జీవకణమును చుట్టి పలుచని పొర కలదు. అందు మాంసకృత్తులతో నైన వాకిళ్లున్నవి. గుండె కొట్టుకొనిన ప్రతిపర్యాయము పొటాసియము ఆ వాకిళ్ల వెంట వెలుపలికి పోయిననేగాని గుండెకణము మరల విశ్రాంతి నొందదు. చెవిలోపలి ద్రవమునకు పొటాసియము నందించునదియు అట్టి వాకిలియే.

1988లో జపాను శాస్త్రజ్ఞులు ఎలుక మూత్రపిండమునుండి 130 అమైనో ఆమ్లములు మాత్రమే గల పొట్టి మాంసకృత్తు నొకదానిని గుర్తించిరి. ఇంత చిన్నది తానే వాకిలి యెట్లగునని తర్కము సాగెను. 1996లో చిక్కు విడిపోయెను. అది వాకిలి కాదు. వాకిలి నంటియుండి దానిని మెల్లగా తెఱపించు సహాయకుడు. వ్యాకరణము చదివిన నాకు అది ఉపసర్గవలె తోచును. ఒంటిగా నిలువదు, ధాతువుతో గూడి యర్థమును మార్చును. దాని జ్ఞాతియొకటి ప్రేగులలో ఆ వాకిలినే యెల్లప్పుడు తెఱచియుంచును. మనుష్యునియం దీ సహాయకులు ఐదు విధములు.

1997లో అట్టి వ్యాధిగల కుటుంబములను పరీక్షింపగా, కొందఱియందు వాకిలి జన్యువును, కొందఱియందు సహాయకుని జన్యువును చెడియున్నట్లు తేలెను. తల్లినుండియు తండ్రినుండియు చెడిన ప్రతి వచ్చిననే బిడ్డకు ఈ చెవుడును గుండెజబ్బును కూడి కలుగును. మేనఱికములు కుదుర్చు పెద్దలు ఈ మాటను వినవలెను. దగ్గఱిచుట్టములలో ఒకే దోషము ఇరువురియందుండుటకు అవకాశమెక్కువ. మూర్ఛిల్లు చెవిటిబిడ్డకు గాలిసోకినదని తాయెత్తు కట్టి యూరకుండరాదు. గుండె విద్యుత్తును పటముగా వ్రాయించి చూపవలెను.

ఇక పూర్వచరిత్ర. వెన్నెముకగల జంతువుల యాదిపూర్వులలో జన్యువులు మొత్తముగా రెట్టింపయ్యెనని 1970లో సుసుము ఓనో ప్రతిపాదించెను. ఒక ప్రతి పాతపని చేయుచుండగా, రెండవది క్రొత్తపని నేర్వవచ్చును. మనకు జ్ఞాతియై, వెన్నెముక లేక, సముద్రపు ఱాళ్ల నంటి బ్రదుకు సియోనా యను ప్రాణి కలదు. దాని వంశమును మన వంశమును విడివడి 50 కోట్ల యేండ్లు దాటినవి. దానికిని ఈ వాకిలి యున్నది. 2011లో జపానువారు ఆ వాకిలిని కప్పగ్రుడ్డులో పుట్టించి, ఈ సహాయకులను జతచేసి చూచిరి. వాకిలి తనంత తాను చక్కగా పనిచేసెను. గుండె సహాయకుని మాట సరిగా వినలేదు. ప్రేగు సహాయకుని మాట బొత్తిగా వినలేదు. వాకిలి ప్రాచీనము, నేటి పొత్తు తరువాత కుదిరినది అని నేను తలచుచున్నాను.