మెడిసిన్ గడువు తొమ్మిదో తరగతిలోనే మొదలు

మెడిసిన్ దరఖాస్తు అనగానే పల్నాడులో తల్లిదండ్రులు ముందు అడిగేది ఆఖరు తేదీ. కానీ దరఖాస్తులోని ఒక్కో మాటకు ఒక్కో గడువుంది. వాటిలో కొన్ని ఫారం తెరవకముందే దాటిపోతాయి.

స్థానికత: ఇది అన్నిటికన్నా ముందొచ్చే గడువు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం పల్నాడు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది. రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసే ఏటితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అంటే లెక్క తొమ్మిదో తరగతి నుంచి. మాచర్లలో పది పూర్తిచేసి, ఇంటర్‌కు సాగర్ దాటి హైదరాబాద్ వెళ్తే ఆ వరుస తెగుతుంది. తెలంగాణ కూడా నాలుగేళ్లే అడుగుతుంది కాబట్టి అక్కడా స్థానికత దక్కదు. ఆ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇక్కడే ఇంటర్ రాసి, లాంగ్ టర్మ్ కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్తే మాత్రం నష్టం లేదు.

నీట్ ఫారం: 2025లో ఫిబ్రవరి 7న తెరిచి మార్చి 7న మూశారు. రెండో ఏడాది ఇంటర్ పరీక్షలు మార్చి 3న మొదలయ్యాయి. చివరి వారానికి వాయిదా వేసినవాళ్లకు చదువూ, నెట్ సెంటరూ ఒకేసారి మీదపడ్డాయి. పది మెమోలో ఇంటిపేరు ముందుండి, ఆధార్‌లో చివరికి వెళ్తే ఆ తేడా సరిచేయించాల్సింది జనవరిలోనే.

ధ్రువపత్రం: ఈడబ్ల్యూఎస్ పత్రానికి ఆయుష్షు ఆ ఆర్థిక సంవత్సరం వరకే. ఫిబ్రవరిలో తీసుకున్నది కౌన్సెలింగ్ నాటికి చెల్లదు. ఏప్రిల్ 1 దాటగానే సచివాలయంలో కొత్తదానికి పెట్టుకోవాలి. అఖిల భారత కోటాలో ఓబీసీ కింద పోటీ పడేవాళ్లదీ ఇదే తీరు.

యూనివర్సిటీ దరఖాస్తు: నీట్ రాస్తే సరిపోదు. ఫలితాలయ్యాక విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి విడిగా దరఖాస్తు చేయాలి. గడువు కొద్ది రోజులే ఉంటుంది. చేయకపోతే ఎంత మంచి ర్యాంకైనా రాష్ట్ర మెరిట్ జాబితాలో పేరుండదు.

ఆప్షన్లు: నిజంగా కోరుకున్న కాలేజీని పైన పెట్టాలి, గుంటూరు కావాలంటే గుంటూరే మొదటిది. దొరకదేమోనని కిందికి దించితే పైనున్నదే వచ్చి పడుతుంది. సీటొచ్చాక చేరడానికిచ్చే గడువూ తక్కువే. అందుకని టీసీ, ఒరిజినల్స్, ఫీజు డబ్బు ఆప్షన్లు పెట్టే నాటికే సిద్ధం చేసుకోవాలి.