షెవనెల్లా డీకలరేషియోనిస్

షెవనెల్లా డీకలరేషియోనిస్ అనేది అద్దకపు మురుగునీటిలోని కృత్రిమ రంగులను, ముఖ్యంగా అజో రంగులను, విడగొట్టగల బాక్టీరియా జాతి. చైనాలోని గ్వాంగ్‌జౌలో వస్త్రాలపై అచ్చులద్దే పరిశ్రమ మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రంలో, సూక్ష్మజీవులతో నిండిన బురద నుంచి వేరుచేసిన ఎస్12 అనే రకం ఆధారంగా 2005లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. ఇది కడ్డీ ఆకారపు గ్రామ్ రుణాత్మక జీవి. ప్రాణవాయువు ఉన్నా, లేకున్నా బతకగలదు.

రెండు నత్రజని పరమాణువుల మధ్య ద్విబంధం బెంజీన్ వంటి వలయాలను కలిపి ఉంచే రంగులను అజో రంగులంటారు. 1858లో పీటర్ గ్రీస్ కనుగొన్న రసాయనిక చర్యతో వీటికి దారి తెరుచుకోగా, నేడు వాడుకలో ఉన్న కృత్రిమ రంగుల్లో సగానికి పైగా ఈ కుటుంబానివే. ప్రాణవాయువు అందనప్పుడు ఈ బాక్టీరియా లాక్టేట్, ఫార్మేట్ వంటి పదార్థాల నుంచి తీసుకున్న ఎలక్ట్రాన్లను తన శ్వాసక్రియ గొలుసు మీదుగా రంగు అణువుకు అందిస్తుంది; అప్పుడు ద్విబంధం తెగి రంగు పోతుంది, ఆ చర్యలో వెలువడిన శక్తితో బాక్టీరియా పెరుగుతుంది. అంటే రంగు దానికి ఆహారం కాదు, ప్రాణవాయువుకు బదులు మాత్రమే. అందుకే నీటిలో ప్రాణవాయువు ఉన్నంతసేపూ ఈ పని మందగిస్తుంది.

అయితే బంధం తెగినచోట ఆరోమాటిక్ ఎమైన్లు మిగులుతాయి. వాటిలో బెంజిడీన్ వంటివి క్యాన్సర్ కారకాలు. ఇలాంటి హానికర ఎమైన్లను విడుదల చేసే 70 అజో రంగుల వాడకాన్ని భారత ప్రభుత్వం 1997లో నిషేధించింది. ఎమైన్లలో చాలావాటిని తర్వాతి దశలో, గాలి బాగా ఆడే తొట్టిలో, వేరే సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయవలసి ఉంటుంది. రంగు పోయిన నీటిని శుద్ధజలంగా లెక్కగట్టే నివేదికలు ఈ సగం సంగతిని దాటవేస్తాయి.

ఈ సంగతి గోదావరి ఒడ్డు నేత ప్రాంతాలకూ వర్తిస్తుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, తెలుగు వినిపించే సిరొంచ దగ్గర, ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. మరమగ్గాల సిరిసిల్ల మీదుగా వచ్చే మానేరు ఈ సంగమానికి ఎగువనే గోదావరిలో చేరుతుంది. సిరొంచకు ఎదుటి ఒడ్డున మహదేవపూర్ ప్రాంతం మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టుకు పేరున్నది. పట్టుకు ఎక్కించే ఆమ్ల రంగుల్లోనూ అజో రంగులే అధికం. ఇలాంటి నేత ప్రాంతాల్లో చిన్న అద్దకపు కేంద్రానికి ఈ బాక్టీరియా పనికిరావాలంటే, మూతవేసిన తొట్టి ఒకటి, దాని వెనుక గాలి ఊదే తొట్టి మరొకటి తప్పనిసరి. మొదటిది మాత్రమే కట్టి నీటిని నదిలోకి వదలడం, కంటికి కనిపించే కాలుష్యాన్ని కనిపించనిదిగా మార్చడమే అవుతుంది.